గజపతినగరం పేజీకి టెర్మినల్ కాపలా

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే రైలు మార్గంలో ఉన్న గజపతినగరానికి తెలుగు వికీపీడియాలో ఒక పేజీ ఉంది. మండలంలోని పురిటిపెంట, మరుపల్లి, లోగిశ లాంటి ఊళ్ళకూ ఉన్నాయి. విశాఖపట్నం పేజీనైతే కనిపెట్టుకుని ఉండేవాళ్ళు పదిమంది ఉంటారు. ఈ చిన్న పేజీల్లో ఎవరైనా జనాభా అంకె మార్చేసినా, జాతీయ రహదారి 26ని పాత నంబరు 43కి తిప్పేసినా వెంటనే పట్టుకునేవాళ్ళు తక్కువ. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయాక గందరగోళానికి ఇంకో దారి తెరుచుకుంది. సాలూరు కొత్త జిల్లాలోకి వెళ్ళింది, గజపతినగరం విజయనగరంలోనే ఉండిపోయింది. ఆ సంగతి తెలియనివాళ్ళు మంచి ఉద్దేశంతోనే తప్పు రాయగలరు.

వికీపీడియా నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీద. దిద్దుబాటు, కొత్త పేజీ, తొలగింపు, ఏది జరిగినా దాన్ని ఒక ఘటనగా నమోదు చేస్తుంది. ఒక్క పేజీ మీదే కన్ను వేయాలంటే వీక్షణ జాబితాలో చేర్చుకుంటే చాలు, టెర్మినల్ జోలికి పోనక్కర్లేదు. మండలం మొత్తాన్ని, తెలుగుతో పాటు ఇంగ్లీషు వికీలోనూ, మార్పు జరిగిన క్షణంలోనే చూడాలనుకుంటే మాత్రం కమాండ్ లైన్‌కు మించింది లేదు. పాత లాప్‌టాప్ అయినా సరిపోతుంది.

వికీపీడియాను నడిపే వికీమీడియా ఈ ఘటనలను మొదట ఐఆర్‌సీ చాట్ చానళ్ళలో వినిపించేది. 2017లో ఈవెంట్‌స్ట్రీమ్స్ అనే సేవ వచ్చింది. కర్ల్ (curl) అనే ఆదేశంతో దాని చిరునామాకు కలిపితే ప్రపంచంలోని వికీలన్నిటి మార్పులూ ఆగకుండా తెర మీదకి వచ్చిపడతాయి. తెలుగువి మాత్రమే పంపమని సర్వర్‌ను అడిగే వీలు లేదు, వడపోత మన వైపే జరగాలి. వానాకాలం గడ్డకు అడ్డంగా వల కట్టడం లాంటి పని ఇది. కర్ల్ తెచ్చినదాన్ని పైపు గుర్తుతో గ్రెప్‌కు, అక్కడి నుంచి జేక్యూకు అందిస్తాం. గ్రెప్ మన ఊరి పేరున్న వరుసలను పడుతుంది. జేక్యూ వాటిలోంచి శీర్షిక, వాడుకరి, పాత పరిమాణం, కొత్త పరిమాణం, దిద్దుబాటు సారాంశం తీసి చూపిస్తుంది. ఒక్కో పని బాగా చేసే చిన్న ప్రోగ్రాములను ఇలా గుదిగుచ్చడం 1973లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టగా కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో పైపును పెట్టాడు.

కొత్తవాళ్ళు తడబడేది బఫర్ దగ్గర. ఒక ప్రోగ్రాము తెర మీదకి కాకుండా ఇంకో ప్రోగ్రాముకు రాస్తున్నప్పుడు ప్రతి వరుసనూ వెంటనే పంపదు, కొన్ని వేల బైట్లు పోగయ్యాక ఒక్కసారిగా వదులుతుంది. ఇంగ్లీషు వికీ మొత్తాన్ని చూసేవాళ్ళకు ఈ తేడా తెలియనే తెలియదు, వాళ్ళ బఫర్ నిమిషం తిరక్కుండానే నిండిపోతుంది. గజపతినగరం పేరుతో వచ్చే ఘటనలు ఏ వారానికో ఒకటి. అది గ్రెప్ కడుపులోనే పడి ఉంటే మనం ఖాళీ తెరను చూస్తూ ఏమీ జరగలేదనుకుంటాం. అందుకే గ్రెప్‌కు లైన్ బఫర్డ్ అనే ఐచ్ఛికం, కర్ల్‌కు పెద్ద ఎన్ (-N) తప్పనిసరిగా ఇవ్వాలి. తెలుగు లాంటి నెమ్మది వికీలకు ఈ ఒక్క సంగతే మిగతా అన్నిటికంటే ముఖ్యం అంటాను.

తర్వాతి చిక్కు తెలుగు రాతతో. గజపతినగరం కలిపి రాసినా, గజపతి నగరం అని విడగొట్టినా మనకు ఒకటే ఊరు, గ్రెప్‌కు రెండు. ‘స్టేషన్’ లాంటి పొల్లు మాటల వెనక కంటికి కనపడని విభజక అక్షరం ఉంటే, అచ్చం ఒకేలా కనిపించే రెండు పేర్లు కలవవు. అందుకని పేర్ల రకాలన్నీ, ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా, వరుసకు ఒకటి చొప్పున ఒక ఫైల్లో రాసి గ్రెప్‌కు ఇవ్వడం మేలు. ఒకే పేరున్న ఊళ్ళను తెలుగు వికీలో మండలం పేరు బ్రాకెట్లో పెట్టి వేరుచేస్తారు కాబట్టి, అలాంటి పేజీలు మండలం పేరుతోనే వలలో పడతాయి.

తమంతట తామే దిద్దుబాట్లు చేసే ప్రోగ్రాములైన బాట్ల మార్పులను మొదటే పారేయమని చాలామంది సలహా ఇస్తారు. నేనైతే పారేయను. మనిషి తప్పు ఒక పేజీతో పోతుంది, బాటు తప్పు ఒక్క పూటలో మండలంలోని ఊళ్ళన్నిటికీ అంటుకుంటుంది.

వికీమీడియా సర్వర్ పదిహేను నిమిషాలకోసారి కనెక్షన్ తెంచేస్తుంది. మళ్ళీ కలిపేలా ఆదేశాన్ని ఒక లూప్‌లో పెట్టాలి. ప్రతి ఘటనతోనూ ఒక గుర్తింపు (ఐడీ) వస్తుంది, చివరగా అందినదాన్ని దాచుకుని తిరిగి కలిసేటప్పుడు చూపిస్తే మధ్యలో జరిగినవీ దొరుకుతాయి. కరెంటు పోయి పూటంతా ఆగిపోయినా, ఫలానా సమయం నుంచి పంపమని అడగొచ్చు.

వికీడేటా ఒక్కటే ఈ వలకు చిక్కదు. అక్కడ ఊరి పేరు శీర్షికలో ఉండదు, క్యూ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను పేర్ల ఫైల్లో కలపకుండా విడిగా ఇచ్చి, పూర్తి మాటకే సరిపోల్చమని గ్రెప్‌కు చెప్పాలి. లేకపోతే ఆ అంకెలతో మొదలయ్యే పొడవాటి సంఖ్యలన్నీ వచ్చిపడతాయి. తెలుగు ఊరి పేర్లను మాత్రం వేరే గ్రెప్‌తో, ఆ షరతు లేకుండా వెతకాలి. గజపతినగరంలో, గజపతినగరంలోని అని ప్రత్యయాలు అంటుకున్న మాటలూ మనకు కావలసినవే కదా.