లారీకి రేసెందుకు?

మా తమ్ముడి కొడుకు ఈ వారం నాకొక వీడియో పంపాడు. అమెరికాలోని డేటోనాలో ఏటా ఫిబ్రవరిలో జరిగే ట్రక్కుల పందెం అది. కింద ‘పెదనాన్నా, నీ లారీల పిచ్చికి ఇదిగో విందు’ అని రాశాడు. చూస్తుంటే ఒళ్లు మండింది. ట్రక్కులట! వెనక లోడు లేదు, పైన టార్పాలిన్ లేదు, పక్కన క్లీనరు లేడు. రెండున్నర మైళ్ల ట్రాక్ మీద వంద చుట్లు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతాయి. సారపాక పేపరు మిల్లు ముందు జామాయిల్ కర్ర లోడుతో తన సీరియల్ నంబరు కోసం కాచుకు కూర్చునే డ్రైవరుకి ఇది చూపిస్తే, ‘ఇంతకీ సరుకు ఎక్కడ దించారు సార్?’ అని అడుగుతాడు.

వేగం డ్రైవింగు కాదని నేను ఎన్నేళ్లుగా వాదిస్తున్నానో ఈ కాలమ్ పాత పాఠకులకు తెలుసు. ఆటోల మీద రాసినా, ఆర్టీసీ బస్సుల మీద రాసినా చివరికి అక్కడికే వస్తానని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఈసారీ అక్కడికే వద్దామని కూర్చున్నాను. తిట్టేముందు ఆ పందెం పుట్టుపూర్వోత్తరాలు చూద్దామనిపించింది.

చూస్తే, దాని మూలం దొంగసారాలో ఉంది. అమెరికాలోని అపలాచియన్ కొండల్లో సారా మోసేవాళ్లు పైకి మామూలుగా కనిపించే కార్లకే ఇంజన్ బలం పెంచి, పోలీసులకు చిక్కకుండా మలుపుల్లో ఉరికించేవాళ్లు. ఎవడి బండి గొప్పదో తేల్చుకోవడానికి తమలో తాము పందేలు కట్టుకునేవాళ్లు. ఆ పందేలకు ఒక పద్ధతి, ఒక సంస్థ ఉండాలని బిల్ ఫ్రాన్స్ పూనుకోవడంతో 1948లో నాస్కార్ ఏర్పడింది. డేటోనాలో 1959లో ట్రాక్ కట్టేదాకా సగం సముద్రపు ఇసుక మీద, సగం రోడ్డు మీద పరుగులు. ట్రక్కుల సిరీస్ 1995లో మొదలై, 2000లో డేటోనాకు వచ్చింది. అక్కడి తొలి పందెంలోనే జెఫ్ బోడైన్ అనే డ్రైవరు బండి ఎగిరి కంచెకు కొట్టుకుని, మంటలతో పల్టీలు కొట్టింది. మనిషి బతికి బయటపడ్డాడు. ఏటేటా మళ్లీ అదే ట్రాక్, అవే వంద చుట్లు.

కొండ, అడవి, సారా, పోలీసు: ఈ సరంజామా అంతా మన దగ్గరా ఉంది. చింతూరు నుంచి భద్రాచలం వచ్చే దారిలో బండ్లు ఎందుకు ఆపి చూస్తారో ఇక్కడి చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. నిన్నటిదాకా టేకు దుంగలు, ఇప్పుడు గంజాయి. అయినా ఇక్కడ పందెం పుట్టలేదు. ఎందుకు పుట్టలేదా అంటే నాకు మా మేనమామ గుర్తొస్తాడు.

మామ ఖమ్మం నుంచి జగదల్‌పూర్‌కి లారీ తోలేవాడు. ఇప్పుడు ఆ దారిలో చాలా భాగం 30వ నంబరు జాతీయ రహదారి. ఎండాకాలం సెలవుల్లో నన్ను క్యాబిన్‌లో ఎక్కించుకునేవాడు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించిన గోదావరి వంతెన మీదికి రాగానే రాముడికి దండం పెట్టి, నా చేత కూడా పెట్టించేవాడు. క్యాబిన్‌లో ఇంజన్ వేడి, బయట భద్రాచలం ఎండ. తడిపిన తుండుగుడ్డ నెత్తిన వేసుకుంటే పాల్వంచ దాటేలోపే ఆరిపోయేది.

అసలు చదువు మారేడుమిల్లి ఘాట్‌లో. రాజమండ్రి కిరాయి దొరికినప్పుడు తిరుగు ప్రయాణం ఆ దారినే. చింతూరు వైపు దిగుడు మొదలయ్యే ముందు మామ బండి పక్కకు తీసేవాడు. క్లీనరు దిగి రాడ్డుతో టైర్లు ఒక్కొక్కటే కొట్టి చప్పుడు వినేవాడు. మామ ఎయిర్ మీటరు చూస్తూ, బ్రేకుకి సరిపడా గాలి నిండేదాకా కదిలేవాడు కాదు. వెనక బండ్లు హారన్లు కొట్టినా సరే. ఆ కొండ ఎక్కడానికి లోడు బండి ఏ గేరు అడుగుతుందో, దిగేటప్పుడూ ఆ గేరే. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే డ్రమ్ములు కాలతాయి, లైనర్లు పట్టు వదిలేస్తాయి. ఇంజనే బండిని వెనక్కి పట్టుకోవాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో జార్చేవాళ్లూ ఉండేవాళ్లు. ఓనరు లీటర్ల లెక్క అడుగుతాడు మరి! ఇంజను కూడా ఆపేస్తే గాలి నిండదు, నాలుగు మలుపులు తిరిగేసరికి పెడలు ఉత్తదే.

ఒకసారి ముందు పోతున్న లారీ నుంచి లైనర్లు కాలుతున్న వాసన వచ్చింది. మామ ఆగకుండా హారన్ కొట్టి, లైట్లు వేసి, దాన్ని కొండ వైపుకి ఆపించాడు. మా క్లీనరు దూకి దాని చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాడు. ఆ డ్రైవరు కుర్రాడు డ్రమ్ముల మీద నీళ్లు పోయబోతుంటే మామ చెయ్యి పట్టుకున్నాడు. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పడితే పగులుతుంది. బీడీ కాల్చుకో, చల్లారనీ అన్నాడు. మళ్లీ ఎక్కాక నాతో అన్న మాట: ‘అల్లుడూ, ఎక్కించేది ఇంజను. దించేది డ్రైవరు.’

ఇలాంటి మనిషి దగ్గర పెరిగినవాడికి రేసు నచ్చదు కదా. ఇక్కడిదాకా రాసి ముగించవచ్చు. కానీ మనదేశపు లారీ పందెం సంగతి కూడా చూడకుండా ఉండలేకపోయాను.

ఫార్ములా వన్ వదిలేసి పోయిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో, 2014 మార్చి 23న టాటా వాళ్లు ప్రైమా లారీలతో పందెం పెట్టారు. మొదటి రెండేళ్లూ విదేశీ డ్రైవర్లే నడిపారు. 2016లో మన రోడ్ల మీద బతికే డ్రైవర్లను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి దింపారు. లారీ నడపడానికి కుర్రాళ్లు రావడం లేదు, ఈ పనికి గౌరవం తేవాలి అన్నది కంపెనీ చెప్పిన కారణం. అమ్మకాల లెక్క కూడా ఉండే ఉంటుంది, ఉండనివ్వండి.

ఈ ఆట నియమాలేమిటో యూరప్‌వి చూశాను. అక్కడి లారీ పందేల్లో వేగం గంటకు 160 కిలోమీటర్లు దాటకూడదు. ఐదు టన్నుల పైచిలుకు బండి మలుపు మలుపుకీ వేగం తగ్గించుకోవాలి కనుక బ్రేకుల మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉంటుంది. అందరికీ పరిమితి ఒకటే కాబట్టి ఎవడు ఎక్కడ బ్రేకు వేశాడు, మలుపు ఎలా తీశాడు అన్నదే గెలుపు. అంటే మామ విద్యే!

మామ ఇప్పుడు పాల్వంచలో కూతురి దగ్గరుంటున్నాడు. మన డ్రైవర్లు నడిపిన పందెం వీడియో చూపించాను. ముందు ‘వెనక ట్రాలీ ఏది?’ అన్నాడు. తర్వాత డ్రైవరు సీటు ఆపి ఆపి చూశాడు. ‘ఇట్లాంటి కుర్చీ ఉంటే నా నడుం ఇట్లయ్యేది కాదు.’ కాసేపాగి, ఆ రోజుల్లో ఇది ఉంటే పేరు రాయించుకునేవాణ్ణి అన్నాడు. స్పీడు వద్దని నూరిపోసింది నువ్వే కదా మామా అంటే, ‘వద్దన్నది లోడు బండికి. ఖాళీ బండికి ఎవరు వద్దన్నార్రా!’

ఆ పందెం 2018లో ఐదోసారి జరిగి ఆగిపోయింది. ఇప్పుడు నా కోపమంతా అది ఆగిపోయినందుకే. డ్రైవరు పనికి తేవాలన్న గౌరవం ఇంకా రాలేదు. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు 2025లో ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే. మణుగూరు బొగ్గు, చర్ల ఇసుక మోసే పాత బండ్లలో మాత్రం తుండుగుడ్డ తడుపుతూనే ఉన్నారు. కొడుకును ఈ సీట్లో కూర్చోబెట్టనని చెప్పని డ్రైవరు నాకు ఇంకా కనబడలేదు. ఆ పట్టుదల సడలడానికి ఐదేళ్ల పందేలు ఏం చాలతాయి?

మళ్లీ పెట్టమంటాను. నోయిడాలో కాదు, మన ఘాట్‌లో, లోడుతో, ఒకరోజు దారి మూసేసి. పైనుంచి దిగాక డ్రమ్ముల వేడి కొలవాలి. ఎవరి డ్రమ్ము చల్లగా ఉంటే కప్పు వాళ్లకి. క్లీనరుకి కూడా ఒక కప్పు ఉండాలని నా పట్టు. పందెం రోజు బత్తా ఓనరే ఇవ్వాలన్నది మామ షరతు. అది ఒప్పుకునే ఓనరు దొరికితే మిగతాది తేలికేనట.