పాత కార్వెట్ బ్రేకుకు కొత్త పిస్టన్లు

1953 లె మాన్ పందెంలో డన్‌లప్ డిస్కులు బిగించుకున్న జాగ్వార్ సీ-టైప్ గెలవడంతో పందెం కార్లలో డ్రమ్ బ్రేకులకు కాలం చెల్లడం మొదలైంది. అమెరికా స్పోర్ట్స్ కారు షెవ్రొలే కార్వెట్ నాలుగు చక్రాలకూ డిస్కులు తొడుక్కోవడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 1965లో అవి మామూలు అమరికగానే వచ్చాయి. డ్రమ్ములే చాలనుకున్నవారికి ధరలో 64.50 డాలర్లు తగ్గించినా, ఆ ఏడాది అలా అమ్ముడైన కార్లు 316 మాత్రమే. అదే తరహా బ్రేకు 1982 దాకా నడిచింది. ఈ కార్లను కాపాడుకునేవారు డిస్కును ప్యాడ్లతో పట్టి నొక్కే దాని క్యాలిపర్లను విప్పి, పిస్టన్లు కదిలే బోర్లు బాగుచేసి, మెరుగైన పిస్టన్లు వేసి మళ్లీ బిగించడాన్ని ఒక విద్యగా మార్చేశారు.

ఆ క్యాలిపర్ పోత ఇనుముతో రెండు భాగాలుగా చేసి, బోల్టులతో కలిపినది. అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు పిస్టన్లు. ముందు చక్రాల పిస్టన్ వ్యాసం 47.6 మిల్లీమీటర్లు. పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌లో చదరపు సెంటీమీటరుకు 70 కిలోల ఒత్తిడి వచ్చిందనుకుంటే, ఒక్కో పిస్టన్ దాదాపు 1,250 కిలోల బలంతో ప్యాడ్‌ను నొక్కుతుంది. అంత బలాన్నీ ఆపి ఉంచేది పిస్టన్ చుట్టూ ఉన్న చిన్న రబ్బరు సీలు. చిక్కంతా అక్కడే.

చాలా కార్లలో సీలు క్యాలిపర్ గాడిలో కదలకుండా కూర్చుంటుంది, పిస్టన్ దానిలోంచి జారుతుంది. అక్కడ నునుపుగా ఉండవలసింది పిస్టన్ ఒళ్లు. కార్వెట్‌లో సీలు పిస్టన్ మీదే ఉండి, దానితో పాటు బోరు గోడను ఒరుసుకుంటూ కదులుతుంది. కాబట్టి ఇక్కడ నునుపుగా ఉండవలసింది బోరు. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి షెడ్డులో నిలబడితే ఆ తేమ ఇనుప బోరును తింటుంది. గోడ మీద గుంటలు పడతాయి, వాటి అంచులు సీలును కోస్తాయి, ఆయిల్ కారుతుంది. కొత్త సీళ్లు వేసినా బోరు పాతదే అయితే తిరిగి అదే కథ.

దీనికి విరుగుడు స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్, అంటే బోరు లోపల తొడిగే గొట్టం. క్యాలిపర్‌ను రెండుగా విడదీసి, శుభ్రం చేసి, బోరును కాస్త పెద్దది చేస్తారు. అందులోకి స్లీవ్‌ను ఒత్తి కూర్చోబెట్టి, మళ్లీ అసలు కొలతకు వచ్చేదాకా రాపిడి రాయితో హోనింగ్ చేస్తారు. అరిగిన ఇంజన్ సిలిండర్‌కు మన లేత్ షాపుల్లో స్లీవ్ వేసే పని తెలిసినవారికి ఇది కొత్త కాదు. బయట కనిపించే పోత, దాని మీది అంకెలు చెక్కుచెదరవు. తుప్పు పట్టే చోట మాత్రం తుప్పు పట్టని లోహం చేరుతుంది.

రెండో మార్పు పిస్టన్‌ది. ఫ్యాక్టరీ సీలుకు ఒకవైపే పెదవి ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి ఆ పెదవిని గోడకు అదుముతుంది, అందువల్ల లోపలి ఆయిల్ బయటికి రాదు. కానీ బయటి గాలిని ఆపే శక్తి దానికి తక్కువ. పైగా పిస్టన్ల వెనక స్ప్రింగులు ప్యాడ్లను ఎప్పుడూ డిస్కుకు తాకించి ఉంచుతాయి. డిస్కు ఏమాత్రం అడ్డంగా ఊగినా చక్రం తిరిగిన ప్రతిసారీ పిస్టన్లు వెనక్కీ ముందుకీ కదులుతాయి. ఆ కదలికలో పెదవి పక్కనుంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. ఎక్కడా చుక్క కారకపోయినా పెడల్ మెత్తబడుతుంది. మెరుగుపరచిన పిస్టన్‌లో పెదవి సీలు స్థానంలో ఓ-రింగ్ ఉంటుంది. గుండ్రటి రబ్బరు కాబట్టి అది ఆయిల్‌ను బయటికి పోనివ్వదు, గాలిని లోపలికి రానివ్వదు.

బిగించేటప్పుడు ఓపిక కావాలి. సీళ్లకు తాజా బ్రేక్ ఆయిల్ మాత్రమే పూయాలి. ఇంజన్ ఆయిలో మామూలు గ్రీజో తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రెండు సగాల మధ్య ఆయిల్ దారి దగ్గరుండే చిన్న రింగులను కొత్తవి వేయాలి. గాలి తీసేటప్పుడు వెనక క్యాలిపర్లకు లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున రెండేసి బ్లీడర్లున్న సంగతి మరవకూడదు. బయటిది వదిలేస్తే ఎన్నిసార్లు తొక్కినా పెడల్ గట్టిపడదు.

ఈ పనిలో తేలికగా పక్కదారి పట్టే చోటు ఒకటుంది. ఓ-రింగ్ పిస్టన్ డిస్కు ఊపును ఓర్చుకుంటుంది, సరిచేయదు. ఫ్యాక్టరీలో డిస్కును హబ్బుకు రివెట్లతో బిగించి, రెండింటినీ కలిపి లేత్ మీద చదును చేసేవారు. ఎవరో రివెట్లు తీసి కొత్త డిస్కు తగిలిస్తే ఆ జోడీ చెదిరిపోతుంది. అందుకే తెలిసిన పనివాడు క్యాలిపర్ విప్పకముందే డయల్ గేజ్ పెట్టి డిస్కును తిప్పి చూస్తాడు. ఊపు అంగుళంలో వెయ్యో వంతులు ఐదు, అంటే 0.127 మిల్లీమీటర్లు దాటితే ముందు దాన్ని తగ్గిస్తాడు. డిస్కును హబ్బు మీద మరో స్థానానికి తిప్పి బిగించడమో, పలుచటి షిమ్ములు వేయడమో, రెండింటినీ కలిపి మళ్లీ చదును చేయడమో చేస్తాడు. ఆ తర్వాతే పిస్టన్ల సంగతి.

కొత్త అల్యూమినియం క్యాలిపర్లు కొని తగిలిస్తే తొందరగా పనైపోదా అంటే, అవుతుంది. అవి తేలిక, చాలావాటికి పట్టు కూడా ఎక్కువ. కానీ 1965 నాటి బ్రేకును ఎలా ఆలోచించి కట్టారో ఆ కారులో ఇక కనిపించదు. పునర్నిర్మాణం పాతదాన్ని పాతగానే నిలబెడుతూ, కట్టినవారి లెక్క ఎక్కడ తప్పిందో అక్కడ మాత్రమే చేయి వేస్తుంది. ఆ తప్పు ఎక్కడుందో చెప్పగలగడమే ఈ విద్యకున్న విలువ. క్యాలిపర్లు బాగుచేయించుకుని తెచ్చుకునే యజమాని కూడా స్లీవ్ ఎంత మెరుస్తోందో చూసి సంతృప్తి పడకుండా, డిస్కు ఊపు ఎంత వచ్చిందో అంకెతో సహా అడగాలి. ఆ అంకె చెప్పలేని చోట పిస్టన్లు మారి ఉండవచ్చు, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.