ఎవరి ఇబ్బంది?

అమెరికాలో టెనెసీ రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. ఏ మనిషైనా తన జాతి కారణంగానే ఇబ్బంది పడాలి, అపరాధభావం పొందాలి అనే బోధన బళ్ళో ఉండకూడదంట. ఓక్లహోమా, టెక్సాస్ కూడా ఆ ఏడే అదే దారి పట్టాయి. క్రిటికల్ రేస్ థియరీని అడ్డుకుంటున్నామని చెప్పుకున్నారు. కాగితం మీద చూస్తే తప్పేముంది? ఏ పిల్లనీ పుట్టుక పేరుతో కించపరచొద్దనే గదా మనమూ మొత్తుకునేది.

ఆ చట్టం చేతికొచ్చాక ఏం జరిగిందో చూడండి. ఆ ఏడే విలియంసన్ కౌంటీలో ఒక తల్లుల సంఘం వాళ్ళు రూబీ బ్రిడ్జెస్ కథ చెప్పే పుస్తకం మీద ఫిర్యాదు చేశారు. రూబీ 1960 నవంబరులో న్యూ ఆర్లియన్స్‌లో తెల్లపిల్లల బడికి వెళ్ళిన ఆరేళ్ళ నల్లపిల్ల. చుట్టూ ఫెడరల్ మార్షల్స్ కాపలా. బయట తిట్లు తిడుతూ గుంపు. తెల్లవాళ్ళు తమ పిల్లల్ని బడి మాన్పించేశారు. ఏడాది పొడవునా క్లాసులో ఆ పిల్లా, బార్బరా హెన్రీ అనే టీచరమ్మా, ఇద్దరే. ఫిర్యాదేమిటంటే, ఆ గుంపును పుస్తకంలో మరీ కటువుగా చూపించారని! దాన్ని విచారణకు తీసుకోలేదు, అది వేరే సంగతి. గుంపు ముందు నడిచిన పిల్ల భయం కన్నా, అరవై ఏళ్ళ తర్వాత ఆ గుంపు గురించి చదివే పిల్ల ఇబ్బందే వాళ్ళకు పెద్దదైంది.

ఇబ్బంది అంటే నాకు తెలుసు. ఏడో తరగతిలో అంటరానితనం పాఠం వచ్చినప్పుడు మా సోషల్ సారు మా పల్లె పిల్లలం నలుగుర్నీ నిలబెట్టాడు. క్లాసంతా తిరిగి చూసింది. ఆ పొద్దు మా అమ్మ, అలా చూసినవాళ్ళలో ఒకడి చేలో కలుపు తీస్తోంది. పాఠంలో అంటరానితనం పాటించిందెవరో ఒక్క ముక్క లేదు. వానొచ్చినట్టు, వరదొచ్చినట్టు అదీ వచ్చిందంట, పెద్దలు పోగొట్టారంట. మన పాఠాల్లో బాధితుడుంటాడు, ఉద్ధరించినవాడుంటాడు, చేసినవాడు మాత్రం కనపడడు.

డెరిక్ బెల్, కింబర్లీ క్రెన్షా లాంటి న్యాయశాస్త్రం పంతుళ్ళు ఇంకాస్త ముందుకు పోయారు. ఒక తెల్లవాడు మంచోడా చెడ్డోడా అన్నది వాళ్ళ ప్రశ్న కాదు. చట్టం ముందు అంతా సమానమన్నాక కూడా ఇల్లెక్కడ, అప్పెవరికి, మంచి బడి ఏ పేటలో అన్నవి అలాగే ఎందుకున్నాయని అడిగారు. జాతివారీ బళ్ళు చెల్లవన్న 1954 బ్రౌన్ తీర్పును కూడా బెల్ 1980లో తిరగేసి చూశాడు. తెల్లవాళ్ళ అవసరంతో కలిసినప్పుడే నల్లవాళ్ళకు న్యాయం దొరుకుతుందన్నాడు. పట్టాలూ కాలనీ ఇళ్ళూ ఎలక్షన్ల ముందే ఎందుకు గుర్తొస్తాయో తెలిసిన మా పల్లెకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్కడి ఉదారవాదుల జవాబు నాకు నచ్చలేదు. అది లా కాలేజీ చదువు, చిన్న బళ్ళలో లేదుగా, అన్నారు. నిజమే. కానీ అలా అనడంతో, ఉంటే తప్పేనని ఒప్పుకున్నట్టయింది. 2025 జనవరిలో ట్రంప్, ఇలాంటి బోధన ఉన్న బళ్ళకు ఫెడరల్ డబ్బు ఆపే ఏర్పాటు చూడమని ఉత్తర్వు ఇచ్చాక ఆ జవాబు ఎందుకు పనికొచ్చింది?

ఈ గొడవ మనకెందుకంటారా? ఫూలే 1873లోనే తన 'గులాంగిరి'ని బానిసల విముక్తికి పాటుబడ్డ అమెరికన్లకు అంకితమిచ్చాడు. పోయినవాళ్ళు మాత్రం ఇక్కడి కులాన్నీ మోసుకెళ్ళారు. కాలిఫోర్నియాలో 2005-06లో ఆరో తరగతి పుస్తకాలు సవరించేటప్పుడు కొన్ని హిందూ సంఘాలు కులం గురించిన వాక్యాలు మార్చమన్నాయి. తమ పిల్లలు క్లాసులో సిగ్గుపడుతున్నారంట. దళితులు ఎదురు నిలబడ్డారు. 2016లో మళ్ళీ అదే పేచీ. రంగు దగ్గర అన్యాయం కనపడేవాళ్ళు, కులం దగ్గరికొచ్చేసరికి టెనెసీ తల్లులైపోయారు.

ఇప్పుడు సోషల్ నేనే చెబుతున్నాను. ఎవర్నీ నిలబెట్టను. బావి తవ్విందెవరు, దాని మీదికి రావద్దన్నదెవరు అని అడుగుతాను. కిందటేడు ఊళ్ళోనుంచి వచ్చే ఒక పిల్లోడు, "మా తాత కూడానా సార్?" అన్నాడు. అడిగి రారా అన్నాను. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. తర్వాత హెడ్మాస్టరు నన్ను పిలిచి మర్యాదగానే చెప్పారు: "పుస్తకంలో ఉన్నంతవరకే చెప్పండి మాస్టారూ." ఇక్కడ దానికి చట్టం కూడా అక్కర్లేకపోయింది. పిల్లోడు మాత్రం ముందు బెంచీలోనే కూర్చుంటున్నాడు. వాళ్ళ తాత ఏమన్నాడో ఇంకా చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.