స్వరం రాసిన చెయ్యి

1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చిన టాగూరు ఓ రాత్రి ‘జనగణమన’ పాడారు. ఆయనకది 1911 నాటి పాత పాటే. జయఘోష వచ్చేచోట పిల్లలంతా గొంతు కలిపారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్‌కు అది మరపురాని రాత్రి. నాకు మాత్రం ఆయన భార్య మార్గరెట్ పనే ముద్దు. ఐర్లండులో సంగీతం చదివిన మనిషి. కవి నోటి వరుసను స్వరాలుగా కాగితం మీద పెట్టారు. గొంతు జారేచోటు, ఊపిరి ఆగేచోటు చెవి పట్టుకోవాలి, చెయ్యి గుర్తు పెట్టాలి. గమకం ఓ పట్టాన గీతల్లో ఇమడదు. సినిమా పాటలకు నొటేషన్ రాసేవాళ్లకు ఈ తంటా బాగా తెలుసు (టైటిల్స్‌లో వాళ్ల పేర్లు వెతుక్కోవాలనుకోండి). ‘జనగణమన’కు టాగూరు ఇంగ్లిషు అనువాదం కూడా మదనపల్లెలోనే చేసి, ఫిబ్రవరి 28 అని తేదీ వేశారు.