కడిగి బతికించే విద్య

2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను కృష్ణగిరి జిల్లా మీదికి వచ్చినప్పుడు ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన కురిసింది. రోడ్డు పక్కన నిలిపిన కార్లు, వ్యాన్లు వరదకు కొట్టుకుపోవడం దేశమంతా టీవీల్లో చూసింది. ఆ వానకు జేబుల్లోనూ బండి డిక్కీల్లోనూ తడిసిన ఫోన్ల సంగతి మాత్రం ఎవరికీ వార్త కాలేదు. అసలు ఫోన్లు తడవడానికి తుపానే రానక్కర్లేదు. హోసూరు గులాబీ షెడ్లలో ఎరువు కలిపిన నీళ్లలో పడతాయి. కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే చోట తియ్యటి రసంలో మునుగుతాయి. మిగతావి బోరు నీళ్ల తొట్టిలోనో టీ గ్లాసులోనో పడి, చివరికి "చిప్ లెవెల్ సర్వీస్" అని బోర్డు రాసుకున్న ఏదో ఒక చిన్న కొట్టుకు చేరతాయి.

"నీళ్లల్లో పడిపోయిందినా, లేస్తాదా?" హోసూరు బజారులో ఈ ప్రశ్న తెలుగులోనూ వినబడుతుంది, తమిళంలోనూ కన్నడంలోనూ వినబడుతుంది. పని తెలిసిన మెకానిక్ దానికి వెంటనే జవాబు చెప్పడు, తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాడు. ఏం నీళ్లు? చార్జింగ్ పెట్టినారా? ఆ రెండింటి వెనక ఎంత విద్య ఉందో తెలిస్తే ఆ చిన్న బల్ల మీద గౌరవం పెరుగుతుంది.

మొదటిది, ఏం నీళ్లని. ఉప్పులేవీ లేని శుద్ధమైన నీటిలో కరెంటు సరిగా పారదు. పారేలా చేసేవి అందులో కరిగిన లవణాలు. కృష్ణగిరిది రాతినేల. బోర్ల నీటిలో ఖనిజాలెక్కువ, చాలా ఊళ్లలో ఫ్లోరైడు కూడా ఎక్కువే. హొగెనకల్ నుంచి కావేరి నీళ్లను ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తెచ్చే భారీ పథకం పుట్టింది ఆ బాధ వల్లనే. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. ఆ పెచ్చే ఫోన్ లోపలా కడుతుంది. ఇక హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయంలోకి దక్షిణ పినాకిని వెంట బెంగళూరు మురుగు దిగివచ్చి గుట్టలుగా నురగ తేలడం తరచూ చూసేదే. ఆ నీళ్లలో పడిన సెట్టుకూ వాన చినుకులకు తడిసిన సెట్టుకూ ఒకే చికిత్స సరిపోదు. మామిడి రసమైతే ఇంకో రకం గొడవ. నీరు ఆవిరైపోయినా చక్కెర జిగురు కనెక్టర్ల పళ్ల మధ్య గట్టిపడి కూర్చుంటుంది.

రెండోది, చార్జింగ్ సంగతి. ఫోన్ బ్యాటరీ వోల్టేజి సుమారు 3.7 నుంచి 4.2 వోల్టుల దాకా ఉంటుంది. విద్యుత్తుతో నీరు విడిపోవడం మొదలవడానికి 1.23 వోల్టులు చాలు. కాబట్టి బోర్డు మీద తడిసిన ప్రతి సందులోనూ కంటికి కనబడని రసాయనశాల ఒకటి తెరుచుకుంటుంది. ధన ధ్రువం వైపున్న రాగి కరిగి నీటిలోకి దిగుతుంది. అవతలి వైపు చేరి సన్నటి లోహపు పోగులుగా మళ్ళీ పేరుకుంటుంది. ఆ పోగులు కలవకూడని రెండు దారులను కలిపేస్తాయి. స్విచ్ఛాఫ్ చేసినా బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ కొన్ని లైన్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆ స్థితిలో "పని చేస్తుందేమో చూద్దాం" అని చార్జర్ గుచ్చితే నాశనానికి మనమే చేతులారా కరెంటు అందించినట్టు.

బియ్యం డబ్బా చిట్కా ఓడిపోయేది ఇక్కడే. బియ్యంలో పెట్టవద్దనీ, నూకలూ పొడీ లోపలికి దూరి ఫోన్‌ను పాడుచేయవచ్చనీ ఆపిల్ సంస్థ 2024లో తన సహాయ పత్రంలోనే రాసింది. పొడి సంగతి అటుంచినా, బియ్యానికి ఇచ్చిన ప్రతి గంటా తుప్పుకు ఇచ్చిన గంటే. పైగా నీరు ఆరినంత మాత్రాన అది తెచ్చిన ఉప్పు పోదు. రేపు గాలిలో కాస్త తేమ తగిలితే అదే ఉప్పు మళ్ళీ పని మొదలుపెడుతుంది. అందుకే ఈ విద్యకు మూలసూత్రం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. నీళ్లలో పడిన ఫోన్‌ను ఆరబెట్టకూడదు, ముందు కడగాలి.

కడిగే ముందు విప్పాలి. వెనక అద్దాన్ని వేడితో మెత్తబరచి, పలుచటి ప్లాస్టిక్ రేకుతో జిగురు కోసి ఎత్తుతారు. ఎంత తొందరలో ఉన్నా మొదట ఊడదీసేది బ్యాటరీ కనెక్టరే. ఉబ్బిన బ్యాటరీ అయితే దాన్ని గుచ్చకుండా, వంచకుండా పక్కన పెట్టడమే ఒక పని. లోపల అక్కడక్కడా అంటించిన తెల్ల చుక్కలు ఎర్రబడ్డాయా అని చూస్తారు. నీరు ఎంత దూరం వెళ్లిందో ఆ చుక్కలే చెబుతాయి. స్క్రూలను విప్పిన క్రమంలోనే వరుసగా పేర్చుకుంటారు. పొడవులో మిల్లీమీటరులో ఏ కొద్ది వంతో తేడా ఉన్న స్క్రూను తప్పు చోట బిగిస్తే అది బోర్డు లోపలి పొరల్ని చీల్చేస్తుంది.

తర్వాత బోర్డు మైక్రోస్కోపు కిందికి వెళ్తుంది. అక్కడ రంగులు చదవాలి. పచ్చగా కనిపిస్తే రాగి తుప్పు పట్టింది. తెల్లటి పొడి ఉంటే నీటిలోని ఖనిజాలో సోల్డర్ తుప్పో కావచ్చు. నల్లగా ఉంటే అక్కడ కరెంటు పారి మాడిందన్నమాట. చిప్పుల మీద పలుచటి లోహపు షీల్డులు సోల్డర్ చేసి ఉంటాయి. పైకి శుభ్రంగా మెరుస్తున్న బోర్డు ఆ షీల్డు కింద కుళ్లిపోయి ఉండవచ్చు. పైపైన తుడిచి ఇచ్చేవాడికీ షీల్డు లేపి చూసేవాడికీ తేడా తెలిసేది ఈ మెట్టులోనే.

కడగడానికి వాడే ద్రవం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదీ 99 శాతం స్వచ్ఛమైనది. అది నీటితో ఇట్టే కలిసి, సందుల్లో మిగిలిన తడిని బయటికి లాగి, తాను తొందరగా ఆవిరైపోతుంది. కానీ ఉప్పును కరిగించడంలో నీటికున్న బలం దానికి లేదు. అందుకే ఖనిజాలు బాగా పేరుకున్న బోర్డును ముందు లవణాలు తీసేసిన నీటితోనో ప్రత్యేక ద్రావణంతోనో కడిగి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో ముగిస్తారు. మెత్తటి బ్రష్‌ను గట్టిగా రుద్దరు. చిన్న భాగాలు లేచిపోకుండా చూసుకుంటూ మురికిని అంచు వైపుకు తోస్తారు. అల్ట్రాసోనిక్ తొట్టి ఉన్నవారు బోర్డును అందులో ముంచుతారు. సెకనుకు దాదాపు 40 వేల సార్లు కదిలే ధ్వని తరంగాలకు ద్రవంలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతూ, బ్రష్ అందని చిప్పు అడుగుల్లోని మకిలిని కదిలిస్తాయి. బ్యాటరీ, డిస్‌ప్లే, కెమెరా, మైకు మాత్రం ఆ తొట్టిలోకి పోకూడదు. ఎంతసేపు ఉంచాలన్నది కూడా చేతికి తెలియాలి. ఎక్కువైతే ఆ తరంగాలే కదలికలను పసిగట్టే సున్నితమైన సెన్సార్లను దెబ్బతీస్తాయి.

కడిగాక కూడా లేవని సెట్లు ఉంటాయి. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. బ్యాటరీ బదులు డీసీ పవర్ సప్లై తగిలించి ఆంపియర్ అంకెను చూస్తారు. పవర్ బటన్ నొక్కకముందే అంకె పైకి లేచిందంటే ప్రధాన లైనులో షార్ట్ ఉన్నట్టు. నొక్కిన తర్వాత కాస్త లేచి పడిపోతే, మెలకువ వచ్చే దారిలో ఎక్కడో ఆగిందని లెక్క. షార్ట్ అంటే కాలువకు గండి పడటమే. నీళ్లు గండిలోంచి పోతుంటే చివరి మడికి చుక్క అందదు. అయితే ఈ గండి ఎక్కడుందో పైనుంచి కనబడదు. ఒకే లైను మీద పదుల సంఖ్యలో కెపాసిటర్లు ఉంటాయి, వాటిలో చిన్నవి 0.4 మిల్లీమీటర్ల పొడవు, 0.2 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే.

దానికి వీళ్లు పట్టిన ఉపాయం ముచ్చటైనది. థర్మల్ కెమెరా కొనలేనివారు వేడి సోల్డరింగ్ ఐరన్ కొనకు రోజిన్ తాకించి, ఆ పొగను బోర్డు మీదికి పట్టిస్తారు. తెల్లటి పలుచటి పొర పరుచుకుంటుంది. ఆపై లైనుకు తక్కువ వోల్టేజి ఇస్తే కరెంటంతా షార్ట్ అయిన భాగంలోంచే పారి దాన్ని వేడెక్కిస్తుంది. అంత తెల్లదనంలో ఆ ఒక్క చోట రోజిన్ కరిగి పొర పారదర్శకమవుతుంది. దోషి దొరికినట్టే. చాలాసార్లు ఆ కెపాసిటర్‌ను తీసేస్తే ఫోన్ లేస్తుంది, ఎందుకంటే అదే లైను మీద దానికి తోడుగా ఇంకా కొన్ని ఉంటాయి. కానీ దేన్ని తీసినా ఫర్వాలేదో, దేని స్థానంలో కొత్తది పెట్టి తీరాలో తెలియడమే అనుభవం.

తుప్పు ఒక దారిని పూర్తిగా తినేస్తే జంపర్ వేయాలి. మల్టీమీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి ఒక్కో బిందువు దగ్గర విలువ చూసి, అదే మోడల్ మంచి బోర్డు విలువతో పోలుస్తారు. సున్నా వస్తే షార్ట్, ఏమీ రాకపోతే తెగిన దారి. తెగిన చోట పూతను గీకి, రాగి కొసను బయటపెట్టి, 0.02 మిల్లీమీటర్ల ఎనామిల్ తీగను రెండు చివర్లా సోల్డర్ చేస్తారు. పైన పచ్చటి మాస్క్ పూసి, అతినీలలోహిత కాంతి కింద గట్టిపరుస్తారు. మంచి జంపర్‌లో తీగ వదులుగా వేలాడదు, ఎక్కడా అనవసరంగా సోల్డర్ ముద్ద కట్టదు. ఫోన్ మూసేశాక దాన్ని ఎవరూ చూడరు. అయినా అంత పొందికగా వేస్తారంటే, తర్వాత ఎప్పుడైనా దాన్ని విప్పబోయే మరో మెకానిక్ కళ్ల ముందు తలదించుకోకూడదనే పట్టుదల వల్లనే.

ఇంత ఓపిక ఈ ఊళ్లో పుట్టడం నాకు వింతగా అనిపించదు. నీటిని బయటే ఆపే విద్యకూ హోసూరు పేరుపడ్డదే. ఇక్కడి టైటాన్ వాచీల కర్మాగారం నుంచి 2002లో వచ్చిన ఎడ్జ్ వాచీ మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. అంత పలుచనలోనూ 30 మీటర్ల నీటి నిరోధకత నిలిపారు. ఐఫోన్ పైతొడుగులు చేసే టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారమూ ఈ పరిసరాల్లోనే ఉంది. ఫోన్ల మీద కనిపించే ఐపీ 67 అన్న గుర్తుకు అర్థం, మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకుందని. ఆ పరీక్ష కొత్త ఫోన్‌కు, మంచి నీళ్లలో జరిగినది. జిగురు పట్టీ పాతబడి, ఒకసారి కిందపడి అంచు వంగిన ఫోన్‌కు ఆ హామీ వర్తించదు. విప్పిన సెట్టుకు కొత్త జిగురు వేసి మూశాక మంచి మెకానిక్ ఈ మాట దాచడు: "ఇంక దీన్ని తడవనీయొద్దునా."

అతను దాచనిది ఇంకొకటి ఉంది. నీళ్లలో పడిన ఫోన్‌కు గ్యారంటీ ఇవ్వడు. చిప్పు కింద మిగిలిన తుప్పు ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే తెర వెలగగానే, స్పీకరు బాగుందా కెమెరా బాగుందా అని చూడకముందే, "ఫోటోలు దించుకోండి" అంటాడు. నేటి ఫోన్లలో మెమరీలోని సమాచారం తాళం వేసి ఉంటుంది, ఆ తాళం ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్పును ఊడదీసి వేరే బోర్డు మీద పెడితే ఏమీ చదవలేం. ఆ ఫోటోలు కావాలంటే ఆ బోర్డే, ఆ చిప్పులతోనే, కొద్దిసేపైనా బతకాలి. కొత్త ఫోన్ కొనుక్కోగలవారు కూడా పాతదాన్ని పట్టుకుని ఈ కొట్లకు పరుగెత్తేది అందుకే.

2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం వినియోగదారుకు అందాలన్న ఆలోచన మంచిదే. అయితే బోర్డు పటమూ అసలు విడిభాగమూ చేతికి రాకముందు నుంచే, పాడైన బోర్డుల మీద భాగాలు ఏరుకుంటూ, మంచి బోర్డుల విలువలు నోట్‌బుక్కులో రాసుకుంటూ ఈ విద్య నిలబడింది. దీనికి ఇవ్వాల్సిన గుర్తింపు సర్టిఫికెట్టు ఒక్కటే కాదు, సమాచారం కూడా.

ఈలోగా మన వంతు సాయం చిన్నది. తడిసిన ఫోన్‌ను ఆపేయండి. చార్జర్ జోలికి వెళ్లొద్దు, బియ్యం డబ్బా జోలికీ వెళ్లొద్దు. ఏ నీళ్లలో పడిందో, ఆ తర్వాత మీరేం చేశారో దాచకుండా చెప్పి, ఆరోజే తీసుకెళ్లి ఇవ్వండి. ఎంత మంచి చేతికైనా ఆ మొదటి గంటలను తిరిగి తెచ్చే విద్య లేదు.