యుద్ధవ్యాపారము: ఒక సేనాని సాక్ష్యము

బలవంతములగు రాజ్యములు పరదేశములకు సైన్యములను పంపునపుడు శాంతిస్థాపనకై యని చెప్పుట పరిపాటి. ఆ సైన్యములను నడిపిన సేనానియే, తాను కాచినది వర్తకుల ధనమునేయని చెప్పినచో, ఆ సాక్ష్యమును త్రోసివేయుటకు వీలులేదు. అమెరికా మెరైను దళమున మేజర్ జనరల్ పదవి వహించిన స్మెడ్లీ బట్లరు 1935లో ప్రకటించిన ‘వార్ ఈజ్ ఎ రాకెట్’ అను చిన్నపుస్తకము అట్టిది. యుద్ధము కొందరి లాభమునకై అనేకులు ప్రాణములొడ్డు మోసపు వ్యాపారమని దాని సారము. ఆ యేటనే ఒక పత్రికలో, తాను హైతి మొదలగు చోట్ల బ్యాంకులకు పనిచేసితినని ఆయన ఒప్పుకొనెను.

ఈ మాటను హైతి చరిత్రతో సరిచూతము. 1914 డిసెంబరులో అమెరికా సైనికులు ఆ దేశపు బ్యాంకునుండి 5 లక్షల డాలర్ల బంగారమును న్యూయార్కునకు తరలించిరి. 1915 జూలైలో అచటి అధ్యక్షుడు మూక చేతిలో హతుడు కాగా, శాంతిరక్షణకై యని సైన్యము దిగెను. కారణమునకు ముందే కార్యము జరిగినట్లు చెప్పుటను మన ఆలంకారికులు అత్యంతాతిశయోక్తి యందురు. ఇచట నిజముగనే బంగారము ముందు పోయినది. కారణము ఏడు నెలలకు వచ్చినది. 1934 వరకు సైన్యము కదలలేదు. సుంకముల వసూలు అమెరికా అధికారుల వశమయ్యెను. బాటలకై రైతులచే వెట్టి చేయించిరి. 1918 నాటి రాజ్యాంగము విదేశీయులకు భూమి కొను హక్కు నిచ్చెను.

ధనమొక్కటే కారణమనుటయు సరికాదు. పనామా కాలువ దారిలో జర్మనీ కాలూనునేమో యను భయమును ఉండెను. ఆ భయము సైన్యము దిగుటకు సమాధానము కావచ్చును గాని, భూమి హక్కును మార్చుటకు కాజాలదు.

గ్రంథమున మాకు తోచిన లోపము వేరు. యువకులకంటె ముందు ధనికుల సొత్తును యుద్ధమునకు చేర్చవలెననియు, పోరవలసినవారే యుద్ధము వలయునో వలదో ఓటుతో తేల్చవలెననియు బట్లరు సూచించెను. మంచిదే. కాని ఎవరి యూరిపై సైన్యము పడునో వారికి ఈ ఓటు లేదు. విదేశీయులకు భూమి నీయ నొల్లని హైతి శాసనసభను 1917లో మూయించినవాడు ఈ బట్లరే. దోచిన పక్షమువాని పశ్చాత్తాపము వినదగినదే. దోపిడికి గురియైనవాని మాట వినక లెక్క పూర్తికాదు.

కావున, శాంతికై సైన్యము వెడలెనని పత్రికలో చదివినపుడు, పిదప అచటి భూమి, బ్యాంకు, సుంకములు ఎవరి చేతికి పోయినవో కూడ విచారింపుడని పాఠకులకు మా మనవి.