కాళ్ల మీద నీళ్లు

పురిటి ఇంట్లో రోజు మొత్తానికీ పెద్ద పని బిడ్డకు నీళ్లు పోయడం. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాల్సిందే. అప్పటికి వేన్నీళ్లు కాగి ఉండాలి, పాత నూలు చీర ముక్కలు మడతపెట్టి దగ్గర ఉండాలి, ఫ్యాను ఆపాలి, బిడ్డ పాలు తాగి కొంతసేపైనా అయి ఉండాలి. సరిగ్గా ఆ వేళకే ఇంట్లో మగవాళ్లకి బజారులో ఏదో పని గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు గోదావరి జిల్లాలో చూసిందీ ఇదే, ఈ ఏడు మా అమ్మాయి పురిటికి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో చూసిందీ ఇంచుమించు ఇదే.

పని తెలిసినవాళ్లు ఎలా పోస్తారో నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చూసి నేర్చుకునే విద్య, చూసే అవకాశం ఇప్పుడు తగ్గిపోయింది. పొట్టి పీట మీద కూర్చుని రెండు కాళ్లూ దగ్గరగా ముందుకు చాపుతారు. ఆ కాళ్ల మధ్య పల్లంలో బిడ్డ వెల్లకిలా ఒదిగిపోతుంది, తల పాదాల వైపు. కాబట్టి పోసేవాళ్ల ముఖమూ బిడ్డ ముఖమూ ఎదురెదురుగా ఉంటాయి. నూనె సీసాలోంచి తిన్నగా బిడ్డ ఒంటి మీదికి వంచరు. అరచేతుల్లో వేసుకుని, రెండు చేతులూ రాసి వెచ్చబడ్డాకే తాకుతారు. ఛాతీ మధ్యనుంచి పక్కలకి, భుజం నుంచి మణికట్టు దాకా, తొడ నుంచి మడమ దాకా. బిగించిన పిడికిలి విప్పి ఒక్కో వేలికీ రాస్తారు. తర్వాత కుడి చేతిని ఎడమ కాలితోనూ, ఎడమ చేతిని కుడి కాలితోనూ మెల్లిగా కలిపి వదులుతారు. ఏడుస్తున్న బిడ్డ కూడా అక్కడ ఓ క్షణం ఆగి చూస్తుంది.

నీళ్ల వేడి మోచెయ్యి ముంచి చూస్తారు. అంట్లు తోమీ పొయ్యి దగ్గర మసిలీ అరచేతులు మొద్దుబారి ఉంటాయి, వాటి మాట నమ్మకూడదు. చెంబులో నీళ్లు ముందు తమ చేతి మీద పడి, అక్కణ్నుంచి బిడ్డ మీదికి జారాలి. తల ఆఖరున. కళ్లలోకి నీళ్లు పోకుండా నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెడతారు. అంతా అయ్యాక నాలుగు చుక్కలు దిష్టి తీసి పడేసి, శ్రీరామరక్ష చెప్పి, చీర ముక్కలో చుట్టేస్తారు.

ఇంతసేపూ నోరు మాత్రం ఊరుకోదు. మా ఇంటికి వచ్చి పోసిన పెద్దావిడ బిడ్డను ఆపకుండా నిలదీసేది. "ఏమ్మా, రాత్రి మీ అమ్మని పడుకోనిచ్చావా లేదా? నిజం చెప్పు. మీ అమ్మమ్మ నీ మీద చాడీలు చెప్తోంది." బిడ్డ ఆ ముఖాన్నే కళ్లప్పగించి చూసేది. నెల పిల్లకి చూపు బాగా ఆనే దూరం ఎంతో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అయినా ఆవిడ ముఖం ఉండాల్సినంత దగ్గర్లోనే ఉండేది.

ఫ్రెడరిక్ లెబోయే అనే ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు కలకత్తాలో శాంతల అనే ఒక తల్లి ఇలాగే కాళ్లు చాపుకుని బిడ్డకు నూనె మర్దనా చేస్తుంటే చూసి, ఫొటోలు తీసి, 1976లో ఆమె పేరుతోనే పుస్తకం వేశాడు. బ్రెజిల్‌లో ఇప్పటికీ పిల్లల మర్దనాను శాంతల అనే అంటారు. మనిళ్లలో ఎవరూ పట్టించుకోని పనికి అక్కడ తరగతులు నడుస్తున్నాయి. స్వీడన్ శాస్త్రజ్ఞులు మరో సంగతి తేల్చారు. చర్మంలో కొన్ని నరాలు నెమ్మదైన, వెచ్చని స్పర్శకే ఎక్కువగా స్పందిస్తాయి. చెయ్యి సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో కదిలితే వాటికి ఇష్టం. నూనె చెయ్యి తొందర లేకుండా నడిచే వేగం దాదాపు అదే.

నూనెతో కొందరు పిల్లలకు మేలే. ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి పొద్దుతిరుగుడు నూనె రాస్తే, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్ల ముప్పు 41 శాతం తగ్గిందని 2005లో తేలింది. అది నెలలు తక్కువ పిల్లల లెక్క. నిండు నెలల బిడ్డకి ఆ లెక్క చూపించి సీసా అమ్మేవాళ్లని నమ్మనక్కర్లేదు. నా మట్టుకు నాకు ఈ స్నానంలో ఎక్కువ లాభపడేది పోసేవాళ్లే అనిపిస్తుంది. 2001లో లండన్లో ఒక చిన్న అధ్యయనం జరిగింది. కాన్పు తర్వాత దిగులులో పడ్డ తల్లులు కొన్ని వారాల పాటు తమ బిడ్డలకు మర్దనా చేయడం నేర్చుకున్నారు. వాళ్ల దిగులు తగ్గింది, బిడ్డతో మెలగడం మెరుగుపడింది. బాలింతకి విశ్రాంతి పేరుతో బిడ్డని పాలకు మాత్రమే అందించి, స్నానమంతా వేరేవాళ్లకి అప్పగించే ఇళ్లు ఈ మాట ఆలోచించాలి. వారానికి ఒకసారైనా తల్లిని పక్కన కూర్చోబెట్టి బిడ్డ కాళ్లకి నూనె రాయనివ్వండి. ఇక ఆ దిగులు తగ్గకుండా ఉంటే నూనెతో సరిపెట్టకండి, డాక్టరుకు చూపించండి.

పాతదంతా మంచిదేనని నేననను. చెవుల్లో, ముక్కుల్లో నూనె చుక్కలు వేయడం మానాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పుట్టిన బిడ్డ రొమ్ములు పిండడం ఇంకా దారుణం. తల్లి హార్మోన్ల వల్ల కొన్నాళ్లు గట్టిగా ఉండి వాటంతట అవే తగ్గే వాటిని పిండి చీము పట్టిస్తారు. ముక్కు సూటిగా రావాలని లాగడం, సాంబ్రాణి పొగ గది నిండా పట్టించడం, కాటుక కంట్లో పెట్టడం, ఇవీ వద్దు. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. సున్నిపిండి అంటే నాకు ప్రాణమే, పెసలూ కచ్చూరాలూ బావంచాలూ ఎండబెట్టి పట్టించిన వాసన ఇంటికొక కళ. కానీ అది పసిచర్మానికి గరుకు, పెద్దయ్యాక చూసుకోవచ్చు.

పెద్దావిడ రాని ఓ ఆదివారం మా అల్లుడు తనే పోస్తానన్నాడు. లుంగీ ఎగ్గట్టి పీట మీద కూర్చున్నాడు గానీ కాళ్లు ఎంతకీ నిటారుగా చాపలేకపోయాడు. కుర్చీల్లో పెరిగిన కాళ్లు.

"అత్తయ్యా, జారిపోతే?"

"జారదు బాబూ, కాళ్లు దగ్గరగా పెట్టుకోండి. భుజం కింద ఎడం చెయ్యి తియ్యకండి."

నూనె రాసిన బిడ్డ చేపపిల్లలా జారుతుంది, అతని భయం అబద్ధం కాదు. మొదటి చెంబు సగం అతని లుంగీ మీదే పడింది. రెండో చెంబుకి బిడ్డ తండ్రి ముఖంలోకి చూసి కాళ్లు తన్నడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి వారం పెద్దావిడ వచ్చినా సరే, ఆదివారం పీట అతనిదే. బిడ్డ రాత్రి లేచి ఏడిస్తే ముందు ఎవరు ఎత్తుకోవాలన్న వాదన కూడా అప్పట్నుంచి మా ఇంట్లో తగ్గింది.

అమెరికాకి పురుడు పోయడానికి వెళ్లిన నా స్నేహితురాళ్లకి మరో చిక్కు. అక్కడి బాత్రూముల్లో చాలావాటికి నేల మీద నీళ్లు పోయే తూమే ఉండదు. అందుకని ఖాళీ టబ్బులో దిగి కాళ్లు చాపుకుని, మనవణ్ని పడుకోబెట్టుకుని పోస్తారు. వీసా గడువు అయిపోయి అమ్మమ్మ తిరిగొచ్చేస్తే ఆ స్నానం అక్కడితో ఆగిపోతుంది, ఇంట్లో ఇంకెవరికీ చేతకాదు కాబట్టి. అందుకే వెళ్లినావిడ తాను పోసి మురిసిపోవడం కాకుండా, రెండో వారం నుంచీ కూతురినీ అల్లుణ్నీ కూర్చోబెట్టి పోయించాలి.

ఇక తండ్రుల తీరిక సంగతి. మన కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తండ్రులకి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ఇద్దరు పిల్లల లోపు ఉన్నవాళ్లకి. కాన్పు అయిన ఆరు నెలల్లోపు వాడుకోకపోతే అది పోతుంది. ప్రైవేటు కంపెనీల్లో ఇవ్వాలన్న చట్టమే లేదు, అడిగి చూడాలి. సెలవు దొరికిన నాయనలారా, ఆ రోజుల్లో వచ్చేపోయే చుట్టాలకి కాఫీలు అందించే పని ఇంకెవరికైనా అప్పగించి పీట మీద కూర్చోండి. పీట మాత్రం మరీ పొట్టిది వద్దు, అలవాటు లేని నడుములు పట్టేస్తాయి.